మామగారికి నాలుగు స్ప్రింగులు

ఆ శుక్రవారం పొద్దున అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కారుని జాకీ మీదికి ఎత్తడం, పాత స్ప్రింగులు నాలుగూ ఊడదీయడం, కొత్తవి నాలుగూ బిగించడం, ఒంటిగంటకల్లా కిందికి దించి, చేతులు కడుక్కుని భోజనానికి కూర్చోవడం. ఇందులో ఎవరికీ ఇబ్బంది లేదు. భార్య బడిలో పరీక్షలు పెట్టే పనిమీద ఏడింటికే వెళ్ళిపోయింది, సాయంత్రం దాకా ఆమె ఫోను కూడా పలకదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆకాశం నిర్మలంగా ఉంది.

ఆ కారు మామూలు కారు కాదు. పొడుగాటి ముక్కు, రెండే తలుపులు, వెడల్పాటి వెనకభాగం. ఇంజను మొదలుపెడితే వంటింట్లో గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. మజిల్ కారు అంటారు, కండలు తిరిగిన బండి అన్నమాట. మామగారు కుర్రతనంలో కొన్నది. యాభై ఏళ్ళు దాన్ని కంటికి రెప్పలా చూసుకుని, ఆ కన్నే మందగించాక, డెబ్బై మూడో ఏట చిన్నల్లుడి చేతిలో తాళం పెట్టాడు. కూతుర్ని అప్పగించిన రోజున చెమర్చని కళ్ళు ఆ రోజు చెమర్చాయి. తాళంతో పాటు షరతు కూడా పెట్టాడు.

"అల్లుడూ, దీని రంగు, దీని గొంతు, దీని ఎత్తు. మూడూ కంపెనీవాడు ఎలా చేసి ఇచ్చాడో అలాగే ఉన్నాయి. వీటిలో ఏది ముట్టుకున్నా ఆ రోజే తాళం వెనక్కి తీసుకుంటాను. తర్వాత మామా అని కాళ్ళు పట్టుకున్నా ఇవ్వను."

అన్నంత పనీ చేసే మనిషి. ప్రతి ఆదివారం వచ్చి, బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, సీటు వాసన చూసి మరీ వెళ్ళేవాడు. అందుకే అల్లుడూ, అతని భార్యా ఆ బండికి చాటుగా 'మామగారు' అని పేరు పెట్టుకున్నారు. "మీ మామగారిని ఎండలోంచి జరపండి" అని ఆమె, "మామగారు ఇవాళ ఓ పట్టాన లేవడం లేదు" అని అతను. పక్కింటి వెల్డరుకి కూడా అదే అలవాటైపోయింది. అత్తింటివాళ్ళ చెవిన మాత్రం ఆ పేరు పడనివ్వలేదు.

రంగు జోలికి అల్లుడు పోలేదు, గొంతు జోలికీ పోలేదు. చిక్కంతా ఎత్తు దగ్గరే వచ్చింది. చక్రానికీ పైన రేకు అంచుకీ మధ్య రెండు వేళ్ళ సందు ఉంది. ఆ రెండు వేళ్ళూ పూడిపోతే బండి నేలను కరుచుకుని, వేటకి పొంచి కూర్చున్న పులిలా ఉంటుందని అతని కోరిక. కోరికకి తగ్గ వస్తువు కూడా దొరికింది. మర ఒకవైపు తిప్పితే బండి దిగుతుంది, ఇంకోవైపు తిప్పితే లేస్తుంది, అలాంటి స్ప్రింగులు. శుక్రవారం దించుకుని, శనివారమంతా ఊరేగి, ఆదివారం మామగారు వచ్చేవేళకి మళ్ళీ ఎత్తేస్తే దేవుడికి కూడా తెలియదనుకున్నాడు. దేవుడి సంగతి ఏమో గానీ, అతనికి సూపర్‌వైజరు గుర్తులేడు.

అల్లుడు లిఫ్టుల మెకానిక్కు. సూపర్‌వైజరు వచ్చి మూడు నెలలే అయింది. మంచివాడు. చిక్కులన్నీ మంచివాళ్ళతోనే వస్తాయి. ఈ మంచివాడికి పోయినేడు గుండెలో నాళాలు మూసుకుపోతే, వాటిని తెరిచి ఉంచడానికి లోపల చిన్న గొట్టాలు రెండు పెట్టారు. డాక్టర్లు దాన్ని ఏమంటారో గానీ, జనం నోట అది స్ప్రింగే. అప్పట్నుంచీ ఆయనకి స్ప్రింగు అంటే ఒకటే స్ప్రింగు. ఈ సంగతి అల్లుడికి తెలియదు.

"సార్, ఇవాళ ఒక్కరోజు సెలవు కావాలి. మామగారికి స్ప్రింగులు వేయాలి" అన్నాడు ఫోనులో, అలవాటైన నోటితో.

"ఎన్ని?" అన్నాడు సూపర్‌వైజరు.

"నాలుగు సార్."

"నాలుగే! వయసెంతయ్యా?"

"యాభై దాటాయి సార్."

"అయ్యో, అంతేనా! ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?"

"ఆయన ఒప్పుకోడు సార్. ఆ మాటెత్తితే మీద పడి అరుస్తాడు. అందుకే ఆయనకి చెప్పకుండా కానిచ్చేస్తున్నాం." ఈసారి ఆయనంటే అసలు మామగారు. కానీ ఆ తేడా ఫోను తీగలో ఇమడలేదు.

"మంచిపని చేస్తున్నావు. నాకూ చివరిదాకా చెప్పలేదు మా వాళ్ళు" అన్నాడు సూపర్‌వైజరు. "దూరమా?"

"దూరమేం కాదు సార్, మా ఇంటి దగ్గరే."

"వెళ్ళు బాబూ, వెళ్ళు. ఆఫీసు ఎక్కడికీ పోదు."

స్ప్రింగులు మార్చుకోవడానికి ఇంత ప్రేమగా సెలవిచ్చే సూపర్‌వైజరు దొరకడం తన అదృష్టమనుకున్నాడు అల్లుడు. సాయానికొచ్చి స్టూలు మీద కూర్చున్న వెల్డరు చేతికి ఫోను ఇచ్చి, బండి కిందికి దూరాడు.

ఆ ఆఫీసులోనే ఫోన్లు ఎత్తే బల్ల దగ్గర కూర్చునేది అతని వదినగారు, అంటే మామగారి పెద్ద కూతురు. అతనికి ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆవిడే. సూపర్‌వైజరు నేరుగా ఆవిడ దగ్గరికి వెళ్ళి, బల్ల మీద చెయ్యి ఆనించి, "ధైర్యంగా ఉండమ్మా. నాన్నగారికి నాలుగంటే మాటలు కాదు. కానీ ఈ రోజుల్లో స్ప్రింగులు గట్టివి వస్తున్నాయి" అన్నాడు.

"ఎవరి నాన్నగారికి?"

"అయ్యో, నీకూ చెప్పలేదా!"

ఆవిడ గోరంత విని కొండంత ఏడ్చే మనిషి. అలాంటిది కొండంతే వినిపిస్తే ఇంకేముంది! వెంటనే పుట్టింటికి ఫోను కలిపింది. ఫోనెత్తింది మామగారు.

"నాన్నా, ఎలా ఉన్నావ్?"

"నిన్ననేగా చూసి వెళ్ళావ్. అలాగే ఉన్నాను."

"పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా?"

"ఇంకా లేదు. పళ్ళెం ముందు కూర్చున్నాను."

"తినకు! అంటే... తినకు నాన్నా. మంచినీళ్ళు కూడా ముట్టకు."

"ఎందుకూ?"

"అడక్కు. నువ్వు కోపం తెచ్చుకోకూడదు."

"నాకెందుకు వస్తుందే కోపం!" అని ఆయన అరిచాడు.

"అదిగో, అరవకు. అమ్మకివ్వు ఫోను."

అత్తగారు ఫోను చెవికి పెట్టుకుని "ఊ" అంది. తర్వాత "ఆ" అంది. తర్వాత కుర్చీ వెతుక్కుని కూర్చుంది. ఆస్పత్రి చిన్నదాని ఇంటి దగ్గరేనని విన్నాక ఫోను పెట్టేసి, ఆయన ముందున్న పళ్ళెం మెల్లగా తనవైపు లాక్కుంది.

"ఏమిటే అది? నా పళ్ళెం ఎటు తీసుకుపోతున్నావ్?"

"ఏం లేదండీ."

"ఏం లేకపోతే ఇటు పెట్టు. లేదా ఎందుకో చెప్పు. నా ఇంట్లో నాకు ఇదేం దొంగాట?"

"అలాగేనండీ" అంది అత్తగారు, కళ్ళు పక్కకి తిప్పుకుని.

పెళ్ళై నలభై నాలుగేళ్ళు. ఈ నలభై నాలుగేళ్ళలో ఆవిడ నోట 'అలాగేనండీ' వినడం ఇదే మొదటిసారి. అప్పుడు అర్థమైంది ఆయనకి, తన పని అయిపోయిందని. తనకేదో పెద్ద జబ్బు, ఊరందరికీ తెలుసు, తనకొక్కడికే తెలియదు. ఆవిడ చిన్న సంచీలో వదులైన చొక్కాలు రెండు, తువ్వాలు, కళ్ళజోడు సర్ది, "పదండి, ఊరికే ఒకసారి చిన్నదాని ఇంటికి వెళ్ళొద్దాం" అంటే, ఆయన మారుమాట్లాడకుండా చెప్పులు వేసుకున్నాడు. ఆయన మారుమాట్లాడకపోవడం చూసి ఆవిడ ఇంకో తువ్వాలు కూడా సంచీలో కుక్కింది.

ఇటు పెద్దకూతురు మరిదికి ఫోను చేసింది. మరిది తల ఎక్కడో చక్రం వెనకాల ఉంది. వెల్డరు ఎత్తాడు.

"నేను ఆయన వదినని. స్ప్రింగులు వేస్తున్నారటగా?"

"ఓహో, మీకూ తెలిసిపోయిందా!" అని నవ్వాడు వెల్డరు. "మామగారికేనమ్మా. మీ నాన్నగారికి మాత్రం చెప్పకండి."

"చెప్పలేదండీ. ఎలా వేస్తారు?"

"ముందువైపు రెండు, వెనకవైపు రెండు."

"వెనక కూడానా!"

"వెనకే కదమ్మా బరువంతా."

ఆవిడ గుండె దిటవు చేసుకుని, "చేసేవాళ్ళకి అనుభవం ఉందా?" అంది.

"మొదటిసారేనమ్మా. అయినా భయపడకండి, రాత్రి ఇద్దరం కూర్చుని వీడియో రెండుసార్లు చూశాం. ఒంటిగంటకల్లా దించేస్తాం."

"ఏమిటీ? దించేస్తారా?"

"మీ మరిది పట్టుదలమ్మా. పూర్తిగా నేలకి దించొద్దు, కాస్త ఊపిరాడనివ్వు తమ్ముడూ అని నేను చెబుతూనే ఉన్నాను, వింటేగా! దించే తీరతానంటున్నాడు."

మంచం మీది మనిషిని నేల మీదికి దించడమంటే ఏమిటో తెలుగు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పెద్దకూతురు కెవ్వున కేకేసి పుట్టింటికి మళ్ళీ ఫోను చేసింది. అది మోగి మోగి ఆగింది. అప్పటికే నాన్నని తీసుకెళ్ళిపోయారన్నమాట! "సార్, బండి తీయండి" అంది సూపర్‌వైజరుతో. ఆయన తన రెండు స్ప్రింగుల మీదా చెయ్యి పెట్టుకుని పరుగెత్తాడు.

ఇవేవీ తెలియని అల్లుడు తన పనిలో తానున్నాడు. పని అనుకున్నదానికంటే తొందరగానే సాగింది. పాతవి తుప్పూ, మడ్డీ కలిసి నల్లగా గడ్డకట్టి ఉన్నాయి. వాటిని మూలకి దొర్లించి, కొత్తవి ఎర్రగా మెరుస్తుంటే ముచ్చటపడి బిగించాడు. చక్రాలెక్కించాడు. జాకీ మెల్లగా వదిలాడు. బండి మూలుగుతూ నేల మీద నిలబడింది.

ఇద్దరూ నాలుగడుగులు వెనక్కి వేసి చూశారు. అల్లుడు వెళ్ళి చక్రం మీద సందులో వేళ్ళు పెట్టాడు. రెండు వేళ్ళు పట్టేచోట ఇప్పుడు అయిదు పట్టి, చెయ్యి ఇంకా ఆడుతోంది.

"తమ్ముడూ," అన్నాడు వెల్డరు, "ఇది దించడానికి వేశావా, ఎత్తడానికా?"

"మర బిగువుగా ఉన్నట్టుంది అన్నా. తిప్పితే దిగుతుంది." స్ప్రింగులతో పాటు కొక్కెంలాంటి పానా ఒకటి ఇచ్చారు. దాంతో నాలుగు మరలూ తిప్పాడు, చెమటలు కక్కుతూ. ఇక తిరగదనేదాకా తిప్పాడు. మళ్ళీ వేళ్ళు పెట్టాడు. నాలుగు.

"అడుగంటింది. ఇంతకంటే దిగదు" అన్నాడు నీరసంగా.

"పులన్నావు. ఒంటెలా ఉంది."

కంపెనీ ఎత్తు కంటే దించే స్ప్రింగులు వేస్తే బండి కంపెనీ ఎత్తు కంటే పైకి ఎలా లేస్తుంది? అల్లుడు మూలకి వెళ్ళి పాత స్ప్రింగు ఒకటి తీసి గుడ్డతో తుడిచాడు. మడ్డి పోయేసరికి కింది కొస కనిపించింది. కంపెనీవాడు చేసిన కొస చదునుగా, నున్నగా ఉంటుంది. ఇది వంకరగా, పళ్ళు పళ్ళుగా, ఎవరో కొరికినట్టుంది. రెండోది తుడిచాడు. అదీ అంతే. ఇక మూడోది తుడవబోతుండగా వాకిట్లో టాక్సీ ఆగింది.

మామగారు దిగాడు. వెనకాలే సంచీతో అత్తగారు. శుక్రవారం! ఆదివారం రావలసిన మనిషి శుక్రవారం వచ్చాడు! అల్లుడి చేతిలో స్ప్రింగు, వెనకాల ఒంటె. దాక్కోవడానికి చోటు లేదు.

మామగారు బండివైపు చూడనైనా చూడలేదు. వెల్డరు లేచిన స్టూలు మీద కూలబడి, "అల్లుడూ, నాకంతా తెలిసిపోయింది" అన్నాడు.

అల్లుడు తల దించుకున్నాడు. "నేనే చెబుదామనుకున్నాను మామయ్యగారూ. ధైర్యం చాల్లేదు."

"ఎన్నాళ్ళ నుంచి దాస్తున్నారు నా దగ్గర?"

"పది రోజుల నుంచి."

"మళ్ళీ మామూలయ్యే ఆశ ఉందా?"

"ఎందుకు లేదండీ! మర తిప్పితే మళ్ళీ మామూలే."

మామగారికి బోధపడలేదు. పెద్ద డాక్టర్ల భాష అయివుంటుందనుకున్నాడు. ఎదురుగా అల్లుడి చేతిలో ఉన్నదేమిటో అప్పుడు కనబడింది ఆయనకి. మందగించిన కళ్ళే అయినా ఆ వస్తువుని గుర్తుపట్టాయి. చాలాసేపు దాన్నే చూశాడు.

"పోయేముందు గుండెలో బరువు దించుకుని పోవాలంటారు" అన్నాడు మెల్లగా. "దగ్గరికి రా. నీ దగ్గర ఒక అబద్ధమాడాను. ఈ బండి ఎత్తు కంపెనీవాడు చేసినట్టు లేదు. ఆ స్ప్రింగులు నేనే కోశాను. పెళ్ళికి ముందు, ఇనుము కోసే రంపంతో, ఒక్కొక్కటీ ఒకటిన్నర చుట్టు. నేలను కరుచుకుని పోతుంటే జనం తిరిగి చూడాలని నా వెర్రి. తర్వాత చెప్పుకోవడానికి సిగ్గేసి కంపెనీవాడి మీదికి నెట్టేశాను. నువ్వేమీ ముట్టుకోవద్దన్నది కూడా అందుకే. ముట్టుకుంటే కొస కనిపిస్తుంది. నన్ను క్షమించు."

అల్లుడు ఏదో అనబోయాడు. అతని కంటే ముందు వెనకనుంచి సంచీ నేల మీద పడిన చప్పుడు వచ్చింది.

"మీరు కోశారా?" అంది అత్తగారు.

మామగారు వెనక్కి తిరిగాడు. ఆవిడ అక్కడ ఉన్న సంగతి ఆయన మరిచిపోయాడు.

"నలభై నాలుగేళ్ళు," అంది ఆవిడ, "ఆ బండి ఎక్కినప్పుడల్లా మోకాళ్ళు గడ్డానికి తగిలాయి నాకు. దిగాలంటే ఒకళ్ళు చెయ్యి పట్టుకుని లాగాలి, బావిలోంచి బిందె తీసినట్టు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, పదిమంది ముందూ! ఏమండీ, ఇది ఇంత కిందికి ఉందేమిటండీ అని అడిగితే ఏమన్నారు? గుర్తుందా?"

"ఇప్పుడవన్నీ ఎందుకే, నేను పోయేవాణ్ణి..."

"'బండి కంపెనీవాడు చేసినట్టే ఉంది, నీ నడుమే బిగుసుకుపోయింది' అన్నారు. నమ్మాను! నడుముకి తైలాలు రాసుకున్నాను. పట్టీ కట్టుకున్నాను. పొద్దున్నే లేచి నేల మీద పడుకుని కాళ్ళు గాల్లో ఆడించాను, పదేళ్ళు!"

సరిగ్గా అప్పుడు వీధిలో ఇంకో బండి కీచుమని ఆగింది. పెద్దకూతురు జుట్టు ముడి ఊడిపోయి, చెప్పు ఒకటి జారిపోయి పరుగెత్తుకొచ్చింది. వెనకాల సూపర్‌వైజరు. "దించకండి! ఎవరూ దించకండి!" అని ఆవిడ గుండెలు పగిలేలా అరిచింది.

"దించడం నలభై నాలుగేళ్ళ కిందటే అయిపోయిందే తల్లీ" అంది అత్తగారు.

చిక్కుముడి విప్పడానికి పావుగంట పట్టింది. ఒకేసారి అయిదుగురు మాట్లాడబట్టి అంతసేపు పట్టింది గానీ, లేకపోతే రెండు నిమిషాల పని. "నువ్వు నాలుగు స్ప్రింగులన్నావు!" అని సూపర్‌వైజరు. "వేశాను కదా సార్, చూడండి!" అని అల్లుడు. "మామగారికన్నావు!" "అది... సార్..." అని అతను నసిగి బండిని చూపించాల్సి వచ్చింది. అందరూ బండిని చూసి, తర్వాత మామగారిని చూశారు.

"నా పేరు బండికి పెట్టారా?" అన్నాడు మామగారు.

"సరిగ్గానే పెట్టారు" అంది అత్తగారు. "రెండింటిదీ గొంతే పెద్దది."

అయితే తనకి జబ్బేమీ లేదన్న మాట ఆయనకి అప్పటికి పూర్తిగా ఒంటపట్టింది. ఆయన లేచి నిలబడి, చొక్కా సర్దుకుని, "ఇంకేం, ఇప్పుడు నేను ఏమన్నా తినొచ్చా?" అన్నాడు. వెల్డరు ఇంట్లోంచి మంచినీళ్ళు తెచ్చిస్తే చెంబెడు తాగి, మూతి తుడుచుకున్నాడు. నీళ్ళు లోపలికి దిగగానే పాత మనిషి పైకి వచ్చాడు. బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి, సందులో వేళ్ళు పెట్టి చూశాడు.

"ఎత్తు ముట్టుకున్నావు కదూ?"

"ముట్టుకున్నాను మామయ్యగారూ. కానీ మీరు కూడా..."

"నా బండి నేను కోసుకున్నాను. షరతు నీకు, నాకు కాదు. తాళం ఇటు తే."

అల్లుడి మొహం పాలిపోయింది. ఎంత ఒంటెలా ఉన్నా అది తన బండి. రెండేళ్ళుగా తనే తుడిచాడు, తనే మేపాడు, చలికాలంలో దుప్పటి కప్పాడు. అయినా మాట మాటే. జేబులోంచి తాళం తీసి చెయ్యి చాచాడు. మామగారు చెయ్యి చాచాడు. మధ్యలో అత్తగారి చెయ్యి వచ్చి తాళం అందుకుంది.

ఆవిడ వెళ్ళి పక్కసీటు తలుపు తీసింది. కూర్చుంది. కూర్చున్నట్టే కూర్చుంది, పడ్డట్టు కాదు. తలుపు వేసి, కాసేపు ముందుకి చూసింది. తలుపు తీసి, రెండు కాళ్ళూ నేల మీద పెట్టి, లేచి నిలబడింది. ఎవరూ చెయ్యివ్వలేదు. ఆవిడ నడుము మీద తన చెయ్యి తనే వేసుకుని, అది ఉందో లేదో చూసుకున్నట్టు తడుముకుంది. మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగింది. మూడోసారి దిగేటప్పటికి ఆవిడ మొహంలో నవ్వొచ్చింది, పక్కింటి గోడ మీంచి చూస్తున్నవాళ్ళ వంక కూడా ఒకసారి చూసింది.

"అల్లుడుగారూ, తాళం మీ దగ్గరే ఉంచండి" అంది. "ఈయన దగ్గరుంటే మళ్ళీ కోస్తారు."

"అత్తయ్యగారూ!" అన్నాడు అల్లుడు, కళ్ళు మెరిసిపోతూ.

"బండి మీదే. ఆదివారం ఆదివారం నేను కూడా వస్తాను, నన్ను తిప్పండి. ఒక్కటే మాట, ఇది ఇప్పుడున్న ఎత్తు నుంచి వెంట్రుకవాసి దిగడానికి వీల్లేదు."

"దిగదు అత్తయ్యగారూ. అడుగంటా దించేస్తేనే ఇంత ఎత్తుంది."

"అయితే పైకి లేస్తుందా?"

అల్లుడు అబద్ధం ఆడలేకపోయాడు. "మర తిప్పితే ఇంకో వేలెడు లేస్తుంది."

"తిప్పండి."

తిప్పాడు. ఏం చేస్తాడు! మామగారు ఆ వైపు చూడలేక వీధివైపు తిరిగి నిలబడ్డాడు. పని అయ్యాక అత్తగారు కొక్కెం పానా చేతిలోంచి తీసుకుని, తువ్వాల్లో చుట్టి, వదులు చొక్కాల మధ్య సంచీలో పెట్టుకుంది. సూపర్‌వైజరు సెలవు కాగితం మీద కారణం దగ్గర 'మామగారికి స్ప్రింగులు' అని అప్పటికే రాసేసి ఉన్నాడు. కొట్టేయడానికి ఆయనకి ఏ తప్పూ కనిపించక, అలాగే సంతకం పెట్టేశాడు.

ఆ తర్వాత ఆ బండిలోంచి అత్తగారు ఎన్నిసార్లు దిగిందో లెక్కలేదు గానీ, బండి మాత్రం ఒక్కసారీ దిగలేదు.